వంశవృక్షంలో దొంగ

తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురి పేర్లూ చెప్పుకుంటాం. ఆ పైవాడి పేరేమిటని అడిగితే మనలో చాలామందిమి తల గోక్కుంటాం. అయినా "మా వంశం" అని మొదలుపెట్టామంటే, ఏడు తరాలనూ కళ్ళారా చూసినట్టే మాట్లాడతాం. మా అమలాపురంలో ఈ ముచ్చట మరికాస్త ఎక్కువ. ఒకరి పూర్వీకుడికి రాజుగారు అగ్రహారం రాసిచ్చారు. మరొకరి పూర్వీకుడు కాశీలో పండితుల్ని ఓడించి వచ్చాడు. దొంగ ముత్తాత మాత్రం ఒక్కరికీ లేడు! ఆ రోజుల్లో దొంగతనాలు చేసినవాళ్ళంతా పిల్లాజెల్లా లేకుండానే పోయారంటారా?

పాత కాగితాలు తిరగేసే అలవాటు నాకుంది. అందుకని ఈ సంగతి కాస్త విచారించాను. మన ఇళ్ళ భోషాణాల్లో దొరికేవి ఏమిటి? అమ్మకం దస్తావేజులు, పంపకం కాగితాలు, కరణంగారి లెక్కలు. అగ్రహారీకులైతే 1860 ప్రాంతాల్లో ఈనాం కమిషన్ వారు రాయించిన రిజిస్టరు నకళ్ళు. కాశీ, గయ వెళ్ళివచ్చినవారి పేర్లు అక్కడి పండాల పుస్తకాల్లో ఉంటాయి. వీటన్నిటిలోనూ ఉండేది భూమి, దాన్ని అనుభవించిన కొడుకులు. ఆడపిల్లలు అరుదుగా కనిపిస్తారు. జైలుకు వెళ్ళినవాడు అసలే కనిపించడు. మన వంశవృక్షం మనమే రాసుకున్నాం గదా, వంకర కొమ్మను మనమే నరికేశాం!

దొంగల వంశవృక్షాలు రాసినవారు వేరే ఉన్నారు, దొరలు. 1830 ప్రాంతాల్లో జబల్పూరు వైపు స్లీమన్ అనే ఇంగ్లీషు దొర థగ్గులను పట్టించాడు. బాటసారులతో స్నేహం కలిపి, మెడకు గుడ్డ బిగించి చంపేవారని వాళ్ళ మీద అభియోగం. పట్టుబడినవాళ్ళలో కొందరిని అప్రూవర్లుగా మార్చి, ఎవడు ఎవడి కొడుకో, ఎవడికి అల్లుడో అడిగి, తరతరాల పట్టికలు తయారు చేశాడు. 1836లో వచ్చిన చట్టం ప్రకారం థగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, యావజ్జీవ శిక్ష. ఫలానా హత్య చేశాడని చూపనక్కరలేదు. నేరస్థుణ్ణి పట్టుకోవడానికి గీసిన వంశవృక్షం, చివరికి నేరానికే వంశం కట్టబెట్టింది.

దాని నీడ మన తెలుగుదేశం మీదా పడింది. నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారినే చూడండి. బుట్టలల్లి, ఎరుక చెప్పి, సముద్రపొడ్డున ఉప్పు కొని పశువుల మీద వేసుకుని మెట్టసీమల్లో అమ్ముకుని బతికారు. రైలు వచ్చింది, ఆ వర్తకం పోయింది. తిండి పోయినవాడి మీద అనుమానం పుట్టడం ఎంతసేపు? పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు పడ్డాయి, ఊరు దాటాలంటే అనుమతి కావలసివచ్చింది. బాపట్లకు, చీరాలకు మధ్య సాల్వేషన్ ఆర్మీ వారి ఆధ్వర్యాన ఒక సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు దొర పేరిట అది స్టూవర్టుపురమైంది. అక్కడ పుట్టిన పసివాడు ఏం దొంగిలించాడని? ఆ చట్టం 1947లో మద్రాసు రాష్ట్రంలోను, 1952లో దేశమంతటా రద్దయింది. కాని ఊరిపేరుకు అంటిన మచ్చ చట్టంతోపాటు రద్దు కాలేదు. 1970 దశకంలో జాషువాగారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం అక్కడి కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పని చేయవలసివచ్చింది.

మనం పిల్లల్ని ముద్దుగా "ఒరే కేడీ!" అంటాం చూశారూ, అదీ పోలీసువారి పుస్తకంలోనిదే. "నోన్ డెప్రిడేటర్" అనే ఇంగ్లీషు మాటలకు పొట్టి అక్షరాలు. తెలిసిన దోపిడీగాడని అర్థం.

కలం ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి మరి. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డ అల్లూరి సీతారామరాజు సర్కారు కాగితాల్లో ఫితూరీదారు. తల తెచ్చినవారికి పదివేల రూపాయల బహుమానం. 2022లో ఆయన పేరున ఏకంగా ఒక జిల్లా ఏర్పడింది. ఆయన అనుచరుడిగా శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకే ఎన్నికయ్యాడు.

అలాగని జైలుకు వెళ్ళిన ప్రతి తాతనూ దేశభక్తుణ్ణి చేయకండి! ఆమధ్య ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. మనవరాలికి సంబంధం కుదరబోతుంటే, ఎవరో మగపెళ్ళివారి చెవిన వేశారట, "ఆ పిల్ల వంశంలో ఒక బందిపోటు ఉన్నాడు" అని. "నిజమేమిటో తేల్చండి బాబూ. అబద్ధమైతే ఆ ముక్క వాళ్ళ మొహాన కొడతాను" అని కాగితాల మూట నా ముందు పెట్టారు. రెండు రోజులు కూర్చుని చూశాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఒక తీర్పు నకలు దొరికింది. కరువు రోజుల్లో రాత్రివేళ మరి ఇద్దరితో కలిసి ఒక కామందు గాదె పగలగొట్టి ధాన్యం ఎత్తుకుపోయాడు. శిక్ష అనుభవించాడు. తిరిగివచ్చి, కొన్నేళ్ళకు అర ఎకరం కొన్నాడు. ఆ దస్తావేజూ ఉంది.

"దీన్ని తగలేద్దామండీ" అన్నారు పెద్దాయన నెమ్మదిగా.

"తగలేస్తే బందిపోటే మిగులుతాడు. చూపిస్తే ఆకలిగొన్న మనిషి మిగులుతాడు. ఆపైన మీ ఇష్టం" అన్నాను.

రెండు కాగితాలూ పట్టుకుని ఆయనే వెళ్ళారు. మగపిల్లవాడి మామ్మగారు రెండూ చదివించుకుని విన్నారట. "మా ఇంటి కాగితాలు చెదలు తినేశాయి. లేకపోతే మేమూ చూపించవలసినవి ఉండేవి" అన్నారట. ముహూర్తం పెట్టుకున్నారు.

కనుక భోషాణం తెరిచినప్పుడు ఇలాంటి కాగితం కనిపిస్తే భయపడకండి. ఏ నేరం, ఏ సంవత్సరం, తీర్పు రాసినవారెవరు, ఆ తర్వాత ఆ మనిషి ఎలా బతికాడు అన్నవి చూసి, వంశవృక్షంలో అతని పేరు పక్కన రాసిపెట్టండి. తాత సంపాదించిన పొలం మనవడికి వస్తుంది. తాత చేసిన దొంగతనం మాత్రం రాదు. అగ్రహారం సంపాదించిన తాత పాండిత్యం కూడా అంతే సుమండీ!