ఒరవడి చూపించి వ్రాయమనండి

మీ పిల్లల నోటు పుస్తకాలలో ఉపాధ్యాయులు ఎర్ర సిరాతో వ్రాసే మాటలను ఎప్పుడైనా గమనించారా? ‘ఇంకా వివరంగా వ్రాయాలి.’ ‘సరిగా లేదు.’ ‘మెరుగుపరచుకో.’ ఆ మాటలు నిజమే కావచ్చు. కాని వాటిని చదివిన పిల్లవాడు ఇప్పుడు ఏమి చేయాలి? వివరంగా అంటే ఎన్ని వాక్యాలు? ఏ వివరాలు? ఆ సంగతి తెలిసియుంటే వాడు మొదటిసారే వ్రాసియుండేవాడు కదా!

చదువుకున్నవారి ఇంటి పిల్లలకు ఇది కొంత తెలిసే ఉంటుంది. తండ్రి ఆఫీసుకు సెలవు చీటీ వ్రాస్తుంటే ప్రక్కన నిలబడి చూస్తారు. అక్క చేసిన సైన్సు చార్టు ఇంట్లో గోడకు ఆనించి ఉంటుంది. కూలిపని చేసుకొనే ఇంటి నుండి, ఆ వంశంలోనే మొదటిసారిగా బడికి వచ్చిన పిల్ల సంగతి వేరు. మంచి లేఖ ఎలా ఉంటుందో బడిలో చూడకపోతే ఆమె మరెక్కడా చూడదు. ఆమెకు మార్కులు తగ్గితే ‘తెలివి లేదు’ అనేస్తాము. తెలివి ఉన్నది, అడిగిన వస్తువును ఆమె ఒక్కసారియైనా కంటితో చూడలేదు. చూడనిదానిని చేయలేదని మార్కులు తగ్గించడం న్యాయం కాదని మా అభిప్రాయం.

మన పాత బడి పంతుళ్ళకు ఈ సంగతి తెలుసు. ‘ఒరవడి’ అనే మాట ఈనాటి పిల్లలకు అంతగా తెలియదు. పంతులుగారు పలకమీద పైవరుసలో ముత్యాల్లాంటి అక్షరాలు వ్రాసి ఇచ్చేవారు. పిల్లవాడు వాటిమీద దిద్ది, చేయి కుదిరిన తరువాత వాటి క్రింద తానే వ్రాసేవాడు. ఆ పైవరుసే ఒరవడి. ‘గుండ్రంగా వ్రాయరా’ అని పదిసార్లు చెప్పడం కంటె గుండ్రని అక్షరం ఒకటి కళ్ళముందు పెట్టడం మేలు.

కాపీ పుస్తకంలో ఒక చిత్రం చూడవచ్చు. మొదటి వరుసను పిల్లవాడు ఒరవడిని చూచి వ్రాస్తాడు. రెండవ వరుసను తన మొదటి వరుసను చూచి, మూడవదానిని రెండవదానిని చూచి వ్రాస్తాడు. పేజీ అడుగుకు వచ్చేసరికి అక్షరాలు ఒరిగిపోయి ఉంటాయి. అడుగు వరుస నుండి పైకి వ్రాయించి చూడండి. మధ్యలో తన వ్రాత అడ్డం ఉండదు గనుక కన్ను ప్రతిసారీ ఒరవడి మీదికే పోతుంది.

చేతివ్రాతకు పనికివచ్చిన ఈ పద్ధతిని వ్యాసానికీ, లేఖకూ, లెక్కకూ, సైన్సు రికార్డుకూ ఎందుకు వాడుకోకూడదు? ఆస్ట్రేలియా దేశపు విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో ఒక వ్యాసం వ్రాశారు. పిల్లలు మెరుగుపడాలంటే చేరవలసిన స్థాయి ఏదో వారికి తెలియాలి, తమ పనిని దానితో పోల్చి చూచుకోగలగాలి, మధ్యనున్న తేడాను తగ్గించుకొనే పని చేయాలి అని అందులో చెప్పారు. స్థాయిని మాటలతో మాత్రమే చెబితే చాలదు, నమూనాలు కూడా చూపాలని ఆయన వాదన.

లెక్కలలో దీనిని పరీక్షించి చూచినవారున్నారు. ఆస్ట్రేలియాకే చెందిన జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో ప్రకటించిన ప్రయోగాలలో, బీజగణితం నేర్చుకొనే పిల్లలలో కొందరికి లెక్కలిచ్చి చేయమన్నారు. మిగిలినవారికి పూర్తిగా చేసి చూపిన లెక్క ఒకటి, వెంటనే అటువంటిదే చేయడానికి మరొకటి, ఇలా జంటలుగా ఇచ్చారు. తరువాత అదే రకం లెక్కలు ఇచ్చినప్పుడు, చేసిన లెక్కలు చూచినవారే తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు. చేయి తిరిగినవారికి ఈ మేలు అంతగా ఉండదని తరువాతి పరిశోధనలు చూపాయి. కాబట్టి నమూనా ఎక్కువ అవసరమైనది క్రొత్తగా నేర్చుకొనేవారికే.

ఇక లేఖ సంగతి చూద్దాము. వీధి కుళాయికి నీళ్ళు రావడం లేదని పంచాయతీ కార్యదర్శికి వ్రాయాలి. బోర్డుమీద మూడు నమూనాలు వ్రాయండి. మొదటిది: ‘మా వీధిలో నీటి సమస్య చాలా ఎక్కువగా ఉంది. నీరు మనిషికి చాలా ముఖ్యం. దయచేసి పరిష్కరించగలరు.’ రెండవది: ‘మా వీధి కుళాయికి నీళ్ళు రావడం లేదు. అందరం ఇబ్బంది పడుతున్నాము. వెంటనే బాగుచేయించగలరు.’ మూడవది: ‘పాత బడి వెనుక వీధిలోని కుళాయికి 10 రోజులుగా నీళ్ళు రావడం లేదు. 20 ఇళ్ళవారు ఊరి చివర బోరింగుకు పోయి తెచ్చుకుంటున్నారు. మలుపు దగ్గర గొట్టం పగిలి నీరు కాలువలోకి పోతున్నది. ఆ గొట్టాన్ని మార్పించగలరు.’

ఏది మంచిదో మీరు చెప్పవద్దు. ‘ఈ మూడింటిలో దేనిని చదివి కార్యదర్శిగారు మనిషిని పంపగలరు?’ అని పిల్లలనే అడగండి. మొదటి లేఖ ఏ ఊరికైనా సరిపోతుందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. మూడవదానిలో చోటు, రోజులు, ఇళ్ళు, పగిలిన గొట్టం ఉన్నాయని మరొకరు అంటారు. ‘రెండవదే క్లుప్తంగా బాగుంది’ అనే పిల్ల కూడా ఉండవచ్చు. ఆమెను వాదించనివ్వండి, తొందరపడి నోరు మూయించవద్దు. వారు చెప్పిన కారణాలను వారి మాటల్లోనే బోర్డు ప్రక్కన వ్రాయండి. తరువాత మూడు లేఖలనూ చెరిపివేయండి. కారణాలు మాత్రం ఉండనివ్వండి. అప్పుడు వీధి దీపం గురించో, బడి వేళకు రాని బస్సు గురించో సొంతంగా వ్రాయమనండి.

ఆ చెరపడం మరువవద్దు. నమూనా ఒక్కటే ఇచ్చి దానిని ఎదుటే ఉంచితే పిల్లలు దానిని దించివేస్తారు. గైడ్ల సంగతి మనకు తెలిసినదే. గైడులోని లేఖను ఊరి పేరైనా మార్చకుండా వ్రాసివేసే పిల్లలున్నారు. ఇప్పుడైతే సెల్‌ఫోనును అడిగితే క్షణంలో వ్యాసం వ్రాసి ఇస్తుంది. అందుచేత నమూనా చూపడానికే భయపడే ఉపాధ్యాయులున్నారు. వారి భయం తగినదే. అయితే నమూనాలు రెండు మూడు ఉండి, వాటిలో ఒకటి అంతంతమాత్రంగా ఉంటే, పిల్లవాడు దించడానికి ముందు ఎంచవలసి వస్తుంది. సి.బి.ఎస్.ఇ. బోర్డు మాదిరి ప్రశ్నపత్రాలతోపాటు మార్కులు ఎలా వేస్తారో కూడా ప్రకటిస్తుంది. అటువంటి కాగితాన్ని పిల్లల చేతికిచ్చి, నమూనా లేఖకు వారినే మార్కులు వేయమంటే ఇంకా మంచిది. వారు మనకంటె కఠినంగా వేస్తారు!

మరొక జాగ్రత్త కూడా అవసరము. మరీ గొప్ప పనిని మాత్రమే చూపితే కొందరు కృంగిపోతారు. టాడ్ రోజర్స్, అవీ ఫెల్లర్ అనే అమెరికా పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఇంటర్నెట్ ద్వారా నడిచిన ఒక కోర్సులో తోటివారి అత్యుత్తమ వ్యాసాలను దిద్దిన విద్యార్థులు, మిగిలినవారికంటె ఎక్కువమంది మధ్యలోనే చదువు మానివేశారట. ‘మనవల్ల కాదు’ అనుకొని ఉంటారు. అందుకే పూర్తియైన పనితోపాటు అది పూర్తియైన దారి కూడా చూపాలి. అమెరికాలో బోయిసీ పట్టణపు ఒకటవ తరగతి పిల్లవాడొకడు ఫోటో చూచి సీతాకోకచిలుకను ఆరుసార్లు గీశాడు. రాన్ బెర్గర్ అనే విద్యావేత్త ఆ బొమ్మలను ఎన్నో బడులలో పిల్లలకు చూపించారు. మొదటి బొమ్మ ఆ వయస్సు పిల్లలందరూ గీసేటటువంటిదే. తోటిపిల్లలు రెక్కల ఆకారం సంగతి చెబితే ఆకారం దిద్దుకున్నాడు, చారల సంగతి చెబితే చారలు దిద్దుకున్నాడు. చివరి బొమ్మ పుస్తకంలో అచ్చువేయదగినట్లు వచ్చింది. ఆరు బొమ్మలనూ వరుసగా చూచిన పిల్లవానికి ‘నేను ఇప్పుడు రెండవ బొమ్మ దగ్గర ఉన్నాను’ అని తోస్తుంది.

నమూనాలను తరగతిలోని పిల్లల పుస్తకాల నుండి తీయకండి. నిరుటి పిల్లలవి అడిగి తీసుకొని, పేర్లు తీసివేసి వాడండి. బలహీనమైన నమూనా కావలసినప్పుడు ఉపాధ్యాయుడే కూర్చుని వ్రాయడం క్షేమం. ఎవరి మనస్సూ నొచ్చుకోదు.

చదువురాని తలిదండ్రులు ‘మేమేమి చేయగలము?’ అని మమ్మును అడుగుతుంటారు. పిల్లలచేత రెండు లేఖలు బిగ్గరగా చదివించుకోండి. ఏది మేలు, ఎందుకు మేలు అని అడగండి. కుళాయి దగ్గర బిందెతో నిలబడిన తల్లికి, ఏ లేఖ వ్రాస్తే నీళ్ళు వస్తాయో పిల్లకంటె ముందే తెలుస్తుంది.