గుంత తవ్వే ముందు నేలను చూడాలి

2014లో స్వచ్ఛభారత్ పథకం మొదలైన తర్వాత ఖమ్మం జిల్లా పల్లెల్లో వేలాది మరుగుదొడ్లు వెలిశాయి. చీకటి పడేదాకా ఆగవలసిన అవస్థ ఆడవాళ్ళకు తప్పింది. సంతోషించవలసిన విషయమే. అయితే దొడ్లో తవ్విన గుంతలోకి పోయిన నీరు ఆ తర్వాత ఎక్కడికి చేరుతున్నదని అడిగేవారు తక్కువ.

సెప్టిక్ ట్యాంకు మలాన్ని అడుగున నిలుపుతుంది గాని, బయటికి పోయే నీటిని శుద్ధి చేయదు. రోగక్రిములు ఆ నీటిలోనే ఉంటాయి. వాటిని వడగట్టవలసింది నేల. కనుక మేస్త్రీ పనితనం కన్నా ముందు చూడవలసింది నేల గుణాన్ని.

ఎర్రుపాలెం మండలం పత్తి, మిరప పండే ప్రాంతం. నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి ఎన్ని నీళ్ళు పోసినా తాగుతుంది. అది చూసి మోసపోరాదు. వానలు పడగానే ఉబ్బి మూసుకుపోతుంది. గుంత నిండి మురుగు వీధికెక్కుతుంది. ఎర్ర చల్కా, ఇసుక దుబ్బ నేలల తీరు వేరు. అక్కడ గుంత నిండదు గనుక ఇంటివారు మురిసిపోతారు. నిజానికి ముప్పు అక్కడే ఎక్కువ. మురుగు సరిగా వడగట్టకముందే కిందికి జారుతుంది. అడుగున రాతి చీలికలు తగిలితే ఇక అడ్డే లేదు. నీరు పల్లమెరుగు. ఆ పల్లం పొరుగింటి బోరు కావచ్చు.

భద్రాచలం వైపు గోదావరి ఒడ్డు పల్లెలది ఇంకో సమస్య. 2022 జూలైలో అక్కడ వరద 71 అడుగులు దాటింది. అటువంటి చోట నేలలో తవ్విన గుంత వరదలో కలుస్తుంది. ఇన్ని రకాల నేలలకూ ఒకే నమూనా, అవే సిమెంటు ఒరలు ఎలా సరిపోతాయి?

మిషన్ భగీరథ నల్లా ఉండగా బోరు గొడవ ఎందుకని కొందరంటారు. నల్లా రాని రోజున బిందె వెళ్ళేది బోరింగు దగ్గరికే. ఆ నీటితో విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ రావచ్చు. క్రిములు కాచితే చస్తాయి. నైట్రేట్ మాత్రం కాచినా పోదు. ఎరువుల నుంచీ, మరుగు గుంతల నుంచీ అది నీటిలో చేరుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే, ఆ నీటితో కలిపిన పాలు తాగే పసిబిడ్డల ప్రాణానికే ముప్పు.

నేలను పరీక్షించడం కష్టమేమీ కాదు. భారత ప్రమాణాల సంస్థ పద్ధతిని ఎప్పుడో చెప్పింది. ఇంకుడు గుంత ఎంత లోతుకు రావాలో అంత లోతున జానెడు వెడల్పు గొయ్యి తీసి, అడుగున కాస్త గులకరాయి వేసి, నీళ్ళు పోసి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు గులకరాయి మీద 15 సెంటీమీటర్ల నీరు నిలిపి, అరగంటలో ఎంత దిగిందో కొలవాలి. అంగుళం దిగడానికి 30 నిమిషాల లోపు పడితే ఇంకుడు గుంత పనిచేస్తుంది. గంట దాటితే ఆ నేల దానికి పనికిరాదు. వానాకాలం చివర పక్క బావిలో నీరు ఎంత పైకి వస్తుందో కూడా చూడాలి. ఆరడుగుల లోపే నీరు తగిలే చోట గుంత తవ్వరాదు. మంచినీటి బావికి, బోరుకు 18 మీటర్లు, అంటే దాదాపు 40 మూరల దూరం ఉండాలి.

ఇల్లు కట్టడానికి పంచాయతీ అనుమతి ఎలాగూ తీసుకోవాలి. గుంత ఎక్కడ, బోరు ఎక్కడ, నేల పరీక్ష ఫలితమేమిటి అన్న మూడు ప్రశ్నలను ఆ దరఖాస్తులోనే చేర్చడం పంచాయతీలకు భారం కాదు. ఇప్పటికే బోరు పక్కన గుంతలున్న చోట ఏటా వానల తర్వాత నీటిని పరీక్ష చేయించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయించాలి. పరీక్షకు కావలసింది నాలుగు బిందెల నీళ్ళు, ఒక గడియారం. చెడిపోయిన భూగర్భ జలాన్ని బాగుచేయడం మాత్రం ఏ పంచాయతీ నిధికీ తరం కాదు.