నీరున్నదంతా కొల్లేరు కాదు

2001 ఫిబ్రవరి 9న ఐఆర్ఎస్-1డి ఉపగ్రహం కొల్లేరు మీదుగా పోతూ తీసిన చిత్రాన్ని కె.నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు విశ్లేషించారు. 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో అచ్చయిన వారి లెక్కలు చదివితే ఈనాటికీ గుండె చివుక్కుమంటుంది. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతాన్ని చేపల చెరువులే మింగేశాయి. నీళ్లున్న చెరువులు 1,050, ఎండిపోయినవి 38. మరో 8.5 శాతం సాగులోకి పోయింది. మిగిలిన చోటల్లా కలుపు, మళ్లింపు నీళ్లు. సరస్సుది అని చెప్పుకోదగ్గ నీరు ఆ చిత్రంలో ఎక్కడా దొరకలేదు. ఆ చిత్రం తీయకముందే, 1999లో, ఆ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చిత్రం తీసిన మరుసటి ఏడు, 2002లో, అది చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు ఎక్కింది.

కొల్లేరు ఆరోగ్యం గురించి మాట్లాడేవారంతా ముందు ఆ చిత్రాన్ని ఎలా చదివారో తెలుసుకోవాలి. సమీప పరారుణ కాంతిని నీరు పీల్చేసుకుంటుంది, పచ్చని ఆకు వెనక్కి తిప్పికొడుతుంది. అందుకే మామూలుగా ముద్రించే ఉపగ్రహ చిత్రాల్లో నీరు నల్లగా, పచ్చదనం ఎర్రగా పడతాయి. అయితే సరస్సు నీరూ నలుపే, చేపల చెరువు నీరూ నలుపే. తేడా తెలిసేది గట్ల వల్ల. తాడు పట్టి గీసినట్టుండే అంచులు, పక్కపక్కనే పేర్చిన నలుచదరాలు, పట్టుబడి అయ్యాక ఎండగట్టిన ఖాళీ మడులు కనిపిస్తే అవి చెరువులే. నీటి సూచీని ఒక్కదాన్నే నమ్ముకుని విస్తీర్ణం లెక్కిస్తే అభయారణ్యం మొత్తాన్ని చెరువులుగా తవ్వేసినా ‘సరస్సు నిండుగా ఉంది’ అనే తేలుతుంది. ‘కొల్లేరులో నీరు పెరిగింది’ అంటూ ఏ నివేదిక వచ్చినా అందులో చెరువుల నీటిని విడిగా చూపారా లేదా అన్నదే మన మొదటి ప్రశ్న కావాలి.

పచ్చదనం ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. దెందులూరు దగ్గర నిలబడితే ఉత్తరాన పెదవేగి వైపు మెట్ట, దక్షిణాన డెల్టా. పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. ఆ చుట్టుపక్కల తోటలు వృక్షసంపద సూచీలో అడవికి తీసిపోని పచ్చదనం చూపిస్తాయి. కిందికి దిగితే దాళ్వా వరి, ఇంకా దిగితే కిక్కిస, తూటికాడ, గుర్రపుడెక్క. ఈ సూచీ దృష్టిలో అన్నీ పచ్చనివే. అడవికైతే పచ్చదనం పెరగడం మంచి కబురు. కొల్లేరుకు మాత్రం చాలాచోట్ల అదే జబ్బు లక్షణం. ఎరువుల నీరు, మేత అవశేషాలు, పట్టణాల మురుగు చేరిన చోటే గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. దాని కింద నీటికి వెలుతురు అందదు, ఆక్సిజన్ తగ్గుతుంది. పైనుంచి పచ్చగా కనబడిన చుక్క దగ్గరికి జీపీఎస్ పట్టుకుని దోనెలో వెళ్లి, అక్కడున్నది కిక్కిసా, గుర్రపుడెక్కా, వరా అని రాసుకొచ్చేవారు ఉంటేనే ఆ పటానికి విలువ. ఈ పనికి లంక గ్రామాల మత్స్యకారులను మించినవారు లేరు.

అసలు తగాదా కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అని చూపే గీత, దగ్గరుంది. కొల్లేరు పళ్లెం లాంటిది, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. సముద్ర మట్టానికి 10 అడుగుల ఎత్తు వరకు నీరుంటే విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల దగ్గర 308. అభయారణ్యం హద్దు ఇదే. 3 అడుగులకు దిగితే 135 మాత్రమే. రెండడుగులు తగ్గిస్తే సగానికి పైగా పోతుంది. హద్దును మూడో కాంటూరుకు కుదించాలని రాజకీయ పక్షాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో దానికి ఒప్పుకోలేదు.

ఉపగ్రహ పటం చూపించి ఈ తగాదా తేల్చేయవచ్చని కొందరు అనుకుంటున్నారు. తేలదు. ఎవరైనా ఉచితంగా తీసుకోగల ఎత్తు వివరాల్లో ఎక్కువగా వాడేది 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో సేకరించిన సమాచారం. అందులో మీటర్ల కొద్దీ తేడా రావచ్చు. ఇక్కడ తేల్చాల్సిన రెండడుగులు మీటరులో మూడింట రెండొంతులు కూడా లేవు. ఇంటర్నెట్లో దొరికిన ఎత్తుల పటం మీద గీత గీసి ‘ఐదో కాంటూరు ఇదే’ అని ఏ పక్షం చెప్పినా నమ్మడానికి వీల్లేదు. దీనికి నేల మీద లెవెలింగ్ చేయాలి, లేదా విమానం నుంచి లేజర్ సర్వే జరగాలి. తేలిన హద్దు మీద రాళ్లు పాతాలి.

ఉపగ్రహానికి నిజంగా చేతనైన పని కాలక్రమం చూపించడం. లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితం. మన ఐఆర్ఎస్ శ్రేణి 1988లో మొదలైంది. ఐరోపా సెంటినెల్-2 పది మీటర్ల స్పష్టతతో అయిదు రోజులకోసారి వస్తుంది. చెరువుల వ్యాప్తి మొదలైన 1970ల దశకం, అది ఊపందుకున్న 1980లు, 2006లో పొక్లెయిన్లతో గట్లు తెంచిన కొల్లేరు ఆపరేషన్, ఆ తర్వాత మళ్లీ లేచిన గట్లు అన్నీ ఆ చిత్రాల్లో నమోదయ్యాయి. జర్మనీలోని మార్బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఇలాంటి చిత్రాల వరుసనే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో పరిశీలించి వ్యాసం ప్రచురించారు. జర్మనీలో కూర్చుని చేయగలిగిన పని ఏలూరు కలెక్టరేట్‌లో ఏటా ఎందుకు జరగకూడదు? 2022లో జిల్లాల పునర్విభజనతో అంతవరకు రెండు జిల్లాల్లో ఉన్న సరస్సులో ఎక్కువ భాగం ఏలూరు జిల్లా కిందికి వచ్చింది. కృష్ణా వాళ్లూ పశ్చిమ గోదావరి వాళ్లూ ఒకరి మీద ఒకరు తోసుకునే వీలు ఇప్పుడు చాలావరకు తగ్గింది.

వానాకాలంలో మబ్బులు అడ్డొస్తాయి కాబట్టి వాటిని దాటి చూసే రాడార్ కావాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కొల్లేరులోకే వస్తుంది. తమ్మిలేరు, రామిలేరు కూడా. వచ్చిన నీరంతా ఉప్పుటేరు ద్వారానే సముద్రానికి చేరాలి. వరద రోజుల రాడార్ పటాన్ని చెరువు గట్ల పటం మీద పరిస్తే నీరు ఏ గట్టు దగ్గర ఆగిందో తెలుస్తుంది. పర్యావరణం ఊసెత్తితే విసుక్కునే వారికి కూడా ఇది తమ ఇంటి గడప దాకా వచ్చే సంగతి.

నీటిలో కరిగిన ఆక్సిజన్, నైట్రేట్లు, మందుల అవశేషాలు, వేసవిలో ఉప్పుటేరు గుండా ఎగదన్నే ఉప్పు పైనుంచి కనిపించవు. కొల్లేరులోని ఆటపాక గూడబాతుల లెక్క కళ్లతో చూసి రాయాల్సిందే. చిత్రంలో కనిపించని మరొకటి, చెరువు ఎవరిది అన్నది. డి-ఫారం పట్టా మీద ఎకరం భూమి ఉన్న వడ్డి కుటుంబానిదా, సొసైటీ పేరుతో లీజు తీసుకుని వందల ఎకరాలు చుట్టుకున్న పెట్టుబడిదారుదా? ఉపగ్రహానికి రెండూ ఒకేలాంటి నల్ల చదరాలు. 2006లో గట్లతో పాటు చిన్నవాళ్ల బతుకులూ తెగిపోయిన గాయం ఇంకా మానలేదు. అందుకే ఉపగ్రహ చిత్రం మీద రెవెన్యూ సర్వే నంబర్లను పరిచి, జిరాయితీ, పట్టా, ప్రభుత్వ భూమి అని వేరుచేసిన పటాన్నే ప్రజల ముందు పెట్టాలి.

అలాంటి పటాన్ని వానలు వెనకబట్టిన డిసెంబరులో ఒకటి, మే నెలాఖరులో ఒకటి చొప్పున ఏటా అవే తేదీల్లో తయారుచేసి, ప్రతి లంక పంచాయతీ గోడకూ అంటించాలి. నీటి పరీక్షల ఫలితాలను దాని పక్కనే రాయాలి. తప్పుందని గ్రామస్థులు చెబితే సరిచేయడానికి నెల గడువివ్వాలి. హైదరాబాద్ బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, భువన్ పోర్టల్ 2009 నుంచి నడుస్తోంది. ఇక కావాల్సింది జిల్లా యంత్రాంగం నుంచి ఒక ఉత్తర్వు, దోనె మీద తిరిగే పది మందికి కూలి.