కొల్లేటి గట్ల మీద రెండు రోజులు: గుడారం ఎక్కడ వేయాలి?

వట్లూరు: శని, ఆదివారాలు కలిసివస్తే ఊరు విడిచి, రాత్రి గుడారంలో గడిపి, తెల్లవారగానే కాలినడకన తిరిగి చూడాలన్న ఉబలాటం యువతలో పెరుగుతోంది. ఇంజనీరింగు కళాశాలలున్న వట్లూరు, ఏలూరు ప్రాంతాల నుంచి అరకు, మారేడుమిల్లి వంటి దూరపు చోట్లకు బయలుదేరేవారు కనిపిస్తూనే ఉన్నారు. దక్షిణాన కూతవేటు దూరంలో కొల్లేరు ఉండగా అంత దూరం ఎందుకన్న ప్రశ్న సహజం. అయితే కొల్లేట్లో గుడారం వేయడం ఇష్టం వచ్చినట్టు చేసే పని కాదు. ఎక్కడ వేయాలో ముందుగా తేల్చకపోతే అటు పక్షికీ ఇటు పల్లెకూ నష్టమే.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా పార్కులు నడుపుతుంది. రుసుము చెల్లించినవారికి గుడారానికి చోటు, నెగడుకు గుంట, నడకకు బాట కేటాయిస్తుంది. మన చట్టంలో అటువంటి పార్కు లేదు. ఉన్నవి అభయారణ్యాలు, జాతీయ పార్కులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి బయటివారు పోవాలంటే అనుమతి కావాలి. పర్యటనకు, ఫొటోలకు, పరిశోధనకు అనుమతి ఇవ్వవచ్చునని ఆ చట్టమే చెబుతోంది. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం మాత్రం నేరం. అంటే దారి మూసి లేదు, అలాగని తలుపు బార్లా తెరిచీ లేదు.

కాంటూరు కథ

కొల్లేరును 5వ కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లను పేల్చివేసిన సంగతి పాఠకులకు విదితమే. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని 3వ కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కుదిస్తే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లే. దీనిపై కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో కుదింపును సమర్థించలేదు.

ఈ వాదోపవాదాల మధ్య లంక గ్రామాల వారికి అభయారణ్యమంటే ఆంక్ష అనే అర్థమే మిగిలింది. గట్లు తెగాక చాలా కుటుంబాలు పనుల కోసం వలస బాట పట్టాయి. పక్షి వల్ల తమకు ఒక్క రూపాయి రానప్పుడు దాన్ని కాపాడమని వారికి చెప్పడం ఎంతవరకు సమంజసం? వారాంతపు యాత్రికుడి ప్రాముఖ్యం ఇక్కడే ఉంది.

ఆరేడు నేర్పే పాఠం

తాడేపల్లిగూడెం ప్రాంతంలోని ఆరేడు గ్రామంలో 1940లలో గూడబాతులు ఊరి చెట్లపైనే గూళ్లు కట్టి పిల్లలను పెంచేవి. కేరళకు చెందిన పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ దానిని పరిశీలించి 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాసేసరికి ఆరేడు పేరు దేశమంతటికీ తెలిసింది. తరువాతి దశాబ్దాలలో ఆ పక్షులు అక్కడ కనిపించకుండా పోయాయి. ఆరేడు నుంచి తరలిన పక్షిని తిరిగి రప్పించగలిగిన వారు లేరు.

నేడు గూడబాతులను చూడాలంటే కైకలూరు మండలం ఆటపాకకు వెళ్లాలి. 2022లో జిల్లాల పునర్విభజనతో అది ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అటవీశాఖ నాటిన ఇనుప మంచెలపై పక్షులు గూళ్లు పెడుతున్నాయి. ఈ సందడి చలికాలంలో ఎక్కువ. యాత్రికులు వచ్చేదీ ఆ నెలల్లోనే. గూటి దగ్గరకు పడవ పోనిచ్చినా, మైకు పెట్టినా తల్లి పక్షి లేచిపోతుంది. ఎండలో గుడ్డు, కూన నిలవవు.

ఇక వర్షాకాలం సంగతి. బుడమేరు, తమ్మిలేరు నీరంతా ఇక్కడికి చేరి ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏలూరు - కైకలూరు రోడ్డుపై రాకపోకలు నిలిచిపోయాయి. అటువంటి రోజుల్లో గట్టు మీద గుడారం వేయడం ప్రాణాలతో చెలగాటమే.

చేయవలసినవి

మారేడుమిల్లి అడవుల్లో గిరిజనుల వనసంరక్షణ సమితులే యాత్రికుల విడిది నడిపిన అనుభవం మన ముందుంది. వంట వారిదే, దారి చూపేదీ వారే. ఆ పద్ధతి కొల్లేటికి చక్కగా సరిపోతుంది. రాత్రి బస అభయారణ్యం హద్దుకు వెలుపల, పల్లెలో ఉండాలి. పంచాయతీ స్థలంలో నాలుగు గుడారాలు, మంచినీరు, మరుగుదొడ్డి ఉంటే చాలు. లోపల నడక పగలే, అనుమతితో, ఊరి మనిషి వెంట సాగాలి. పక్షులను చూడటానికి తాటిదోనె సరిపోతుంది, దానికి మోటారు మోత ఉండదు. రుసుములో గ్రామానికి ఎంత దక్కుతుందో బోర్డు మీద రాసి పెట్టాలి. గూళ్ల కాలంలో ఎంత దూరాన ఆగాలో అక్కడే తాడు కట్టి చూపాలి.

అన్నింటికంటే ముందు హద్దురాళ్లు కంటికి కనిపించాలి. ఎక్కడ అభయారణ్యం మొదలవుతుందో రైతుకే తెలియనప్పుడు యాత్రికుడికి ఎలా తెలుస్తుంది? హద్దు తేలకుండా కట్టిన విడిది రేపు మరో ఆక్రమణగా మారదన్న భరోసా ఏమిటి?

శనివారం పొద్దున వట్లూరులో బయలుదేరిన విద్యార్థి ఆదివారం సాయంత్రానికి గూడబాతును చూసి, కొల్లేటి చేపల పులుసు తిని, నాలుగు డబ్బులు లంక ఇంటిలో ఇచ్చి తిరిగి రావాలి. అప్పుడు ఆ ఇంటివారే పక్షికి కాపలాదారులు అవుతారు. అటవీశాఖ, పర్యాటకశాఖ, పంచాయతీలు ఒకచోట కూర్చుంటే పెద్ద ఖర్చు లేకుండా సాగే పని ఇది. వచ్చే చలికాలం నాటికైనా ఆ పని మొదలవుతుందని ఆశిద్దాం.