మోసపోయినవాళ్ళదే తప్పా?

సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్ళు అడిగినప్పుడు చదువు విలువ గురించి రాద్దామనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. ఆ విషయం మీద చెప్పుకోవడానికి నాకు చాలానే ఉంది. కానీ ఆ చదువు చూసుకునే నేనొక తప్పు చేశాను. దాని గురించి రాయడమే న్యాయం అనిపించింది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మిరపకోతల రోజుల్లో పొద్దున పదకొండు గంటలకు మా వీధిలో ముసలివాళ్ళు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అలాంటి వేళ ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిల్ మీద వచ్చారు. గిన్నెలు తోమే పొడి కంపెనీ అన్నారు. ముందు ఇత్తడి చెంబు తోమి తళతళలాడించారు. డబ్బులడగలేదు. తరువాత వెండి పట్టీలు. ఆ తరువాత బంగారం ఉంటే తెమ్మన్నారు. మా నాయనమ్మ బియ్యం డబ్బాలో దాచిన గొలుసు తీసిచ్చింది. వాళ్ళు దాన్ని ఏవో నీళ్ళలో ముంచి, పసుపు నీళ్ళలో కడిగి, స్టీలు డబ్బాలో పెట్టి, అరగంట ఆగి మూత తీయమని చెప్పి వెళ్ళిపోయారు. తీసి చూస్తే గొలుసు ఉంది. కొత్తదానిలా మెరుస్తోంది కూడా.

ఆరు నెలల తరువాత నాకు ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. మెస్ డిపాజిట్‌కి, దారి ఖర్చులకి ఆ గొలుసు తాకట్టు పెట్టబోతే తూకం 11 గ్రాములే వచ్చింది. రెండు సవర్ల గొలుసు, అంటే 16 గ్రాములు ఉండాలి. ఐదు గ్రాములు ఎటు పోయినట్టు? గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది నాయనమ్మ. గొలుసు పలచబడిందని ఆమెకు మొదటి వారంలోనే అనుమానం వచ్చిందట. మేము తిడతామని చెప్పలేదు.

ఆమె భయపడినట్టే మేము తిట్టాం. నాన్న అరిచి ఊరుకున్నాడు. నేను మాత్రం "చదువు లేకపోతే బతుకు ఇట్టానే ఉంటది" అన్నాను. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఎవరి చదువు కోసం ఆ గొలుసు దాచిందో, ఆ మనిషే ఆ మాట అన్నది.

తరువాత కాలేజీ ప్రయోగశాలలో నాకు సంగతి అర్థమైంది. నైట్రిక్ ఆమ్లం ఒక వంతు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు వంతులు కలిపితే వచ్చేదాన్ని ఆక్వా రీజియా అంటారు. ఆ రెండు ఆమ్లాలూ విడివిడిగా బంగారాన్ని ఏమీ చేయలేవు, కలిస్తే కరిగిస్తాయి. మెరుగు పెట్టే మోసాల్లో వాడేది సాధారణంగా ఇలాంటి ద్రావణమే. నగ పైపొర కరిగి నీళ్ళలో కలిసిపోతుంది. లోపలి లోహం మెరుస్తూ కనిపిస్తుంది. ఆ నీళ్ళు తీసుకెళ్ళి దొంగ తన బంగారం తాను రాబట్టుకుంటాడు. ఇందులో అక్షరాలు రాకపోవడానికి సంబంధం ఎక్కడుంది? బి.ఎస్సీ. కెమిస్ట్రీ పాసైన నేను ఆ రోజు అరుగు మీద కూర్చుని ఉన్నా, ఆ నీళ్ళ రంగు చూసి కనిపెట్టి ఉండేదాన్నని ఒట్టేసి చెప్పలేను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. "అంత నమ్మకంగా ఎట్టా ఇచ్చావు?" అని తరువాత మెల్లగా అడిగాను. "మనింట్లో మంచినీళ్ళు అడిగి తాగారమ్మా" అంది. ఈ హాస్టల్‌లో చదివిన మనలో చాలామందికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మా వీధికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, మా గ్లాసుతో నీళ్ళు తాగిన కొత్తవాళ్ళు ఆమె డెబ్బై ఏళ్ళ జీవితంలో ఎందరుంటారు? ఆమెది ఆశ కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. తనను మనిషిగా చూశారని సంతోషపడింది. దొంగలు వాడుకున్నది ఆ సంతోషాన్నే.

ఇప్పుడు బంగారం ఒక్కటే కాదు, వేలిముద్ర కూడా దోచుకునే వస్తువైంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఖాతాలోంచి డబ్బు తీయవచ్చు. పిన్ను అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. బ్యాంకు దూరంగా ఉన్న పల్లెలకు ఇది మేలు చేసే పద్ధతే. కానీ "కొత్త పథకం వచ్చింది, వేలు పెట్టమ్మా" అని చిన్న మిషను పట్టుకుని ఎవరైనా గడప ఎక్కితే ముసలమ్మకు తేడా ఎలా తెలుస్తుంది? 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4 వేల రూపాయల వృద్ధాప్య పింఛను సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మిషను మీద వేలు పెట్టడం ఆమెకు అలవాటైన పనే కదా!

అలాగని "ఎవరినీ నమ్మొద్దు" అని చెప్పడం తేలిక, పాటించడం కుదరదు. పింఛను ఇచ్చే మనిషి గడపకే వస్తాడు. ఆశా కార్యకర్త గడపకే వస్తుంది. మనుషులను అనుమానించడం నేర్పితే ముసలివాళ్ళు మరింత ఒంటరివాళ్ళవుతారు. మనిషిని కాదు, పనిని అనుమానించడం నేర్పాలి. మన హాస్టల్‌కు ఎవరొచ్చినా, కన్నతల్లి వచ్చినా, రిజిస్టరులో పేరు రాయించే లోపలికి పంపేవారు. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు, అది పద్ధతి. ఇంట్లోనూ అలాంటి పద్ధతి ఒకటి ఉండాలి. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వు, నగ మాత్రం బయటికి తీయకు. పింఛనుకు తప్ప, ఇంట్లోవాళ్ళను అడగకుండా దేనికీ వేలు పెట్టకు. అంతే. ఈ రెండు మాటలు గుర్తుంచుకోవడానికి అక్షరాలు రానక్కర్లేదు.

చెల్లెళ్ళారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కొన్ని పనులు చేయండి. మీ ఫోను నంబరు తలుపు పక్కన గోడ మీద పెద్ద అంకెలతో రాయండి. దాని కింద 1930 రాయండి, ఖాతాలో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు అది. వయసైనవాళ్ళ సాయం కోసం 14567 ఉంది, అదీ రాయండి. ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసే వీలుంది. వేస్తే వేలిముద్రతో డబ్బు తీయడం కుదరదు. కానీ పింఛను రోజు ఆ తాళం తీయాలి. అది చూసుకునే మనిషి ఇంట్లో ఉంటేనే వేయండి. పోలీసు ఫిర్యాదుకు "మా పరిధి కాదు" అంటే వెనక్కి రావద్దు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వవచ్చు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, నేను తిట్టను" అని చెప్పండి. ఖాతాలోంచి పోయిన డబ్బు బ్యాంకు నిలపాలన్నా, దొంగ దొరకాలన్నా గంటలే లెక్క. మా నాయనమ్మ ఆరు నెలలు నోరు మూసుకుంది. ఆ ఆరు నెలలూ దొంగకు కాపలా కాసింది మా కోపమే.

పోయిన సంక్రాంతికి ఆమెకు క్షమాపణ చెప్పాను. "దానికేముందిలే అమ్మా" అని, కాసేపాగి, "మొన్న కూడా ఒకడొచ్చాడు. నీళ్ళిచ్చి పంపేశా" అంది.

— ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం) విద్యార్థిని, హాస్టల్ పూర్వ విద్యార్థిని