ఆ మూడు మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయి? ఫార్మసీలో చేరిన మన పిల్లలకు

ఫార్మసీలో కొత్తగా చేరినవాళ్లకు సలహాలకేం కొదవ లేదు. టైం టేబుల్ వేసుకోండి, ఏ రోజు పాఠం ఆ రోజే చదవండి, బాగా నిద్రపోండి, సీనియర్లతో పరిచయాలు పెంచుకోండి అంటారు. తప్పేం కాదు. కానీ అవన్నీ ఇంట్లో ఒక డాక్టరో, సొంత మందుల షాపో, కనీసం డిగ్రీ చదివిన అన్నో ఉన్న పిల్లల్ని మనసులో పెట్టుకుని చెప్పేవి. గురుకులంలో బైపీసీ చదివి, సీయూఈటీ రాసి, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో ఢిల్లీకి వచ్చిన మాదిగ, మాల, లంబాడీ, బీసీ పిల్లలకు అవి సగమే పనికొస్తాయి.

నేను ఇక్కడ ఫార్మస్యూటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. స్కాలర్లకు మొదటి ఏడాది ప్రాక్టికల్స్ అప్పజెప్పడం మామూలే కాబట్టి మూడేళ్లుగా కొత్త బ్యాచ్‌లను దగ్గర నుంచి చూస్తున్నాను. మన పిల్లలు పాఠాల దగ్గర మరీ తడబడరు. మిగతావాళ్లకు ఇంట్లోనో, సీనియర్ల వాట్సాప్ గ్రూపులోనో ముందే తెలిసిపోయే రూల్స్ దగ్గర దెబ్బతింటారు. అందుకే పుస్తకం కంటే ముందు రూల్స్ చదవమంటాను.

బీఫార్మసీ సెమిస్టర్ పద్ధతికి మూలం ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నిబంధనలు. చాలా యూనివర్సిటీలు వాటినే చిన్న చిన్న మార్పులతో నడుపుతున్నాయి. మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ తెచ్చుకుని పక్కన పెట్టుకుని చూడండి. అందులో ఒక రూల్ ఉంది. మొదటి, రెండో సెమిస్టర్లలో ఒక్క పేపరు మిగిలినా ఐదో సెమిస్టర్‌కి వెళ్లనివ్వరు. మధ్యలో మూడు, నాలుగు సెమిస్టర్లు హాయిగా సాగిపోతాయి, ఎవరూ ఏమీ అనరు. సరిగ్గా రెండేళ్లయ్యాక ఆ పాత ఇనార్గానిక్ కెమిస్ట్రీ పేపరు దారికి అడ్డం వచ్చి నిలబడుతుంది. ఏడాది పోయిందంటే స్కాలర్‌షిప్ చిక్కుల్లో పడుతుంది, హాస్టల్ గది పోతుంది, ఊళ్లో చెల్లెలి కాలేజీ ఫీజు మీద దాని దెబ్బ పడుతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడికి బ్యాక్‌లాగ్ ఒక చికాకు. మనకు అది చదువు మానేయడానికి మొదటి మెట్టు.

ఇక మార్కులు. ప్రధానమైన థియరీ పేపరుకి 100 అయితే, 75 సెమిస్టర్ చివరి పరీక్షకి, 25 ఇంటర్నల్స్‌కి. ఆ 25లో 15 సెషనల్ పరీక్షలవి. మిగిలిన 10 ఇలా పంచారు: హాజరుకు 4, క్విజ్, అసైన్‌మెంట్, సెమినార్ లాంటివాటికి 3, 'విద్యార్థి-అధ్యాపక సంభాషణ'కి 3. హాజరు 80 శాతం తప్పనిసరి అని అందరికీ తెలుసు. 80 దాటితే ఒక్క మార్కే వస్తుందనీ, నాలుగూ రావాలంటే 95 ఉండాలనీ చాలామందికి తెలియదు. సంక్రాంతికో, బతుకమ్మకో ఊరెళ్లి పది రోజులు ఆగితే ఎంత పోతుందో ముందే లెక్కేసుకుని టికెట్ తీసుకోండి. సెషనల్ మార్కులు తక్కువొస్తే ఒకసారి మళ్లీ రాసి పెంచుకునే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మన పిల్లలు అడగరు. సార్‌ని అడిగితే ఏమనుకుంటారో అన్న బెరుకు.

ఆ బెరుకుకే మూడు మార్కులు పెట్టారు, చూశారా. మాట్లాడినందుకు మార్కులు! సార్ గది తలుపు తట్టి లోపలికి వెళ్లడం కొందరికి పుట్టుకతో వస్తుంది. ఆ సార్ వాళ్ల నాన్నలాగే మాట్లాడతాడు, వాళ్ల మామయ్య పేరులాంటి పేరే పెట్టుకుని ఉంటాడు. ఊళ్లో దొర గడప ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ తాత మనవడికి అదే తలుపు వేరేగా కనిపిస్తుంది. పైగా ఆ మూడు మార్కులు దేన్ని బట్టి వేస్తారో చాలా చోట్ల ఎవరూ ఎక్కడా రాసిపెట్టరు. ఒక పేపరుకి మూడంటే చిన్నదే. పాసు మార్కు 50 దగ్గర ఊగిసలాడేవాడికి మాత్రం ఆ మూడే దాటిస్తాయి, ఆ మూడే ముంచుతాయి.

ఇది నా అనుమానం మాత్రమే అనుకోకండి. ఇదే ఢిల్లీలో ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద 2006లో కేంద్ర ప్రభుత్వం సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో వచ్చిన నివేదిక హాస్టల్లో వెలివేత గురించే కాదు, అధ్యాపకుల నుంచి సాయం అందకపోవడం గురించీ, వైవాల్లో వివక్ష గురించీ విద్యార్థులు చెప్పింది నమోదు చేసింది. నా బీఫార్మసీ రోజుల్లో ఒక ఎగ్జామినర్ వైవా మొదలుపెట్టగానే 'నీ ఎంసెట్ ర్యాంకు ఎంత?' అన్నాడు. అడిగింది ర్యాంకే. తెలుసుకోవాలనుకున్నది కులం. ఆ తర్వాత నేను చెప్పిన జవాబులు ఆయన చెవికి ఎక్కలేదు.

మరి ఏం చేయాలి? రెండో వారం దాటకముందే ప్రతి సబ్జెక్టు టీచర్ దగ్గరికీ ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. మీ పేరు, రోల్ నంబరు చెప్పి అడగండి. వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవాడి పేరు ఆ మార్కుల షీటు నింపేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్లో రెమిడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ వాళ్లకు రెమిడియల్ బయాలజీ ఉంటాయి. ఆ 'రెమిడియల్' మాట చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అది రిజర్వేషన్ పిల్లల క్లాసు కాదు, అందరికీ ఉంది. అక్కడ చెప్పే లాగరిథమ్స్, ఇంటిగ్రేషన్ తర్వాత ఫిజికల్ ఫార్మస్యూటిక్స్‌లోనూ, బయోఫార్మస్యూటిక్స్‌లోనూ తిరిగి ఎదురవుతాయి.

ఇంగ్లిష్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తెలుగు మీడియం పిల్లలకు ఇక్కడ రెండు భాషలు ఒకేసారి మీద పడతాయి. క్లాసులో ఇంగ్లిష్, ల్యాబులో, మెస్సులో, ఆఫీసు కౌంటర్లో హిందీ. 2012లో ఎయిమ్స్‌లో మనం పోగొట్టుకున్న అనిల్ మీనా రాజస్థాన్ ఆదివాసీ విద్యార్థి. హిందీ మీడియంలో చదువుకుని వచ్చి ఇంగ్లిష్‌తో ఇబ్బంది పడ్డాడు. ఆ సంస్థకు భాష నేర్పడం తన పనిగా తోచలేదు. మీ కాలేజీ నేర్పుతుందని కూర్చోకండి. పాఠాన్ని ముందు తెలుగులో మీకు మీరే చెప్పుకోండి. అర్థమయ్యాక దాన్ని ఐదు ఇంగ్లిష్ వాక్యాల్లో రాయండి. ఆ ఐదు వాక్యాలూ రాత్రి గదిలో పైకి అనండి. వైవాలో నోరు పెగలకపోవడానికి చాలాసార్లు కారణం తెలియకపోవడం కాదు, ఆ వాక్యం నోట్లో ఒక్కసారీ తిరగకపోవడం.

మందుల పేర్లు చూసి భయపడకండి, వాటికీ ఇంటిపేర్లుంటాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్ ఒక కుటుంబం. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఇంకొకటి. మీ అమ్మ వేసుకునే బీపీ మాత్ర అమ్లోడిపిన్ అయి ఉండొచ్చు, నిఫెడిపిన్ దాని చుట్టమే. ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు చదవండి. ఇక్కడుంటే ఎయిమ్స్ దగ్గర యూసుఫ్ సరాయ్‌లో మందుల షాపుల ముందు ఒక సాయంత్రం నిలబడి, ఏ చీటీ మీద ఏముందో, జనం ఏం అడుగుతున్నారో వినండి. అది కూడా క్లాసే.

ల్యాబు విషయంలో నేను కాస్త మొండిగా ఉంటాను. నలుగురైదుగురిని ఒక గ్రూపు చేస్తే పది నిమిషాల్లో పని విభజన జరిగిపోతుంది. బ్యూరెట్ ఒకరి చేతికి, బ్యాలెన్స్ ఒకరి చేతికి వెళ్తాయి. రికార్డు రాయడం అమ్మాయిలకు, గాజు సామాను కడగడం మన పిల్లలకు వస్తాయి. ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు, అయినా అలాగే జరుగుతుంది. టైట్రేషన్ ఎండ్ పాయింట్ మీ కంటితో మీరు చూడకుండా ఆ రోజు ల్యాబు నుంచి బయటికి రావద్దు. 'నా వంతు ఇంకా రాలేదు' అని గట్టిగా అనండి. ల్యాబ్ అటెండెంట్ చాలాసార్లు మనవాళ్లలో ఒకరే, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న మనిషి. ఏ పిపెట్ కారుతుందో, ఏ బ్యాలెన్స్ తప్పు చూపిస్తుందో ప్రొఫెసర్ కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయనతో మర్యాదగా ఉండండి, అడిగి నేర్చుకోండి.

మొదటి సెమిస్టర్లో క్లోరైడ్, సల్ఫేట్, ఐరన్, ఆర్సెనిక్‌లకు లిమిట్ టెస్టులు చేయిస్తారు. సగం మంది పక్కవాడి రీడింగ్ చూసి రాసేస్తారు. ఆ పరీక్ష అడిగేది ఒకటే: ఉండకూడనిది ఉండకూడనంత ఉందా? 2022లో గాంబియాలో దాదాపు 70 మంది పసిపిల్లల మరణాల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది సోనీపత్ కంపెనీ సిరప్‌ల గురించి. భారత ప్రభుత్వం, కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. అదే ఏడాది చివర ఉజ్బెకిస్తాన్ 18 మంది పిల్లల మరణాలకు ముడిపెట్టింది నోయిడా కంపెనీ సిరప్‌ని. రెండూ ఎన్‌సీఆర్‌లోనివే. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో 20 మందికి పైగా పిల్లల్ని బలిగొన్న కోల్డ్‌రిఫ్ సిరప్‌లో తమిళనాడు ప్రభుత్వ ల్యాబు 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ కనిపెట్టింది. ఆ సిరప్ తాగి పోయినవాళ్లు కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లే ఇళ్ల పిల్లలు కాదు. రీడింగ్ కాపీ కొట్టే అలవాటు రేపు క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగంలోకి కూడా మనతో వస్తుంది. మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్ అని ఫార్మస్యూటిక్స్ పుస్తకంలో ఒక లైను ఉంటుంది. ఆ తెల్ల పొడి తయారుచేసే పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పొట్టచేత పట్టుకుని వచ్చిన వలస కూలీలు. ఆ లైను దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

కాగితాల సంగతి. ఎన్‌సీఆర్ అంటే ఒక ఊరు కాదు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్ ప్రాంతాలు కలిసి ఉన్నాయి. యమున దాటి నోయిడాలో చేరితే మీ కుల ధ్రువపత్రం విలువ మారిపోవచ్చు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వలస వెళ్తే అక్కడ ఆ హోదా దానంతటదే రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది కూడా ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కుటుంబంలోని విద్యార్థే, మర్రి చంద్రశేఖరరావు, అదీ మెడికల్ సీటు కోసం. కాబట్టి చేరేముందే మీ సీటు కేంద్ర జాబితా కిందా, రాష్ట్ర కోటా కిందా అన్నది రాతపూర్వకంగా అడగండి. కేంద్ర పథకం కింద ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది మీ సొంత రాష్ట్రం, మీరు ఎక్కడ చదివినా సరే. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. ముందే ఫీజు కట్టనక్కర్లేకుండా ఫ్రీషిప్ కార్డు గురించి మీ జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగి రండి. ఢిల్లీ కౌంటర్లో ఈపాస్, జ్ఞానభూమి అంటే మొహం తేలేస్తారు, కోప్పడకుండా ఉత్తర్వు కాపీ చూపించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ రసీదు లేకుండా ఇవ్వొద్దు.

పుస్తకాలు అన్నీ కొనొద్దు. లైబ్రరీలో ఎస్సీ, ఎస్టీ బుక్ బ్యాంక్ ఉందేమో అడగండి. చాలాచోట్ల అడిగితేనే బీరువా తెరుస్తారు. జీప్యాట్ కోచింగ్ వాళ్లు మొదటి ఏడాదే మీ వెంటపడతారు, వాళ్లకు మూడో ఏడాది రమ్మని చెప్పండి.

ఏదైనా జరిగితే, ఎవరైనా కులం పేరుతో ఒక మాట అంటే, తారీఖు, సమయం, ఎవరున్నారు అన్నది అదే రోజు రాసిపెట్టుకోండి. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు అవసరం పడ్డాక వెతుక్కోవడం కష్టం, చేరిన నెలలోనే తెలుసుకోండి.

ఇది చదువుతున్న అధ్యాపకులతో ఒక మాట. మీ విభాగంలో ఆ 'సంభాషణ' మూడు మార్కులు ఎలా వేస్తున్నారో ఒక పేజీలో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. గత రెండేళ్లలో ఆ మార్కులు ఏ వర్గం విద్యార్థులకు సగటున ఎన్ని వచ్చాయో మీ దగ్గరున్న షీట్లలోనే ఉంది, ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోతుంది. మీరు పెట్టకపోతే మొదటి సెషనల్‌కి ముందే అడగమని నా ల్యాబు పిల్లలకు చెప్పాను. ఈసారి పదకొండు మంది సంతకాలు పెట్టారు.