మంగుకు మందు సరే, కొలత ఏది?

కాణిపాకం వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణం చేసి అబద్ధమాడటానికి మన ప్రాంతంలో జంకుతారు. అప్పు తగాదా కానివ్వండి, దొంగతనం నింద కానివ్వండి, "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అన్న ఒక్క ప్రశ్నతో ఎన్నో నోళ్లు మూతపడతాయి. ప్రమాణమంటే కొలబద్ద అన్న అర్థం కూడా ఉంది. ముఖం మీది మంగుమచ్చలకు వైద్యం పేరిట సాగుతున్న వ్యాపారంలో ఈ రెండు ప్రమాణాలూ లేవన్నది నా అభియోగం.

మంగు వేరు, బొల్లి వేరు, శోభి వేరు. బుగ్గలు, నుదురు, పై పెదవి మీద మెలనిన్ ఎక్కువై గోధుమ లేదా బూడిద వన్నెలో కనిపించే మచ్చలే మంగు. ఎండ, గర్భం, హార్మోను మాత్రలు, వంశపారంపర్యం దీనికి కారణాలు. మామిడి తోటల్లోనూ చెరకు చేలల్లోనూ పగలంతా ఎండలో పనిచేసే చిత్తూరు జిల్లా స్త్రీలకు ఇది కొత్త కాదు. ప్రాణాపాయం లేదు. కానీ పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరో ఒకరు "ముఖానికి ఏమైందమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడే ఆమె మందుల దుకాణానికి వెళ్లి ట్యూబు కొంటుంది.

ఆ ట్యూబులో తరచూ ఉండేవి మూడు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. 1975లో అమెరికా వైద్యులు క్లిగ్మన్, విల్లిస్ ప్రతిపాదించిన కలయికకు ఇవి వారసులు. వైద్యుని పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడితే మంచి మందే. నెలల తరబడి, ఏళ్ల తరబడి పౌడరులా రాసుకుంటేనే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు ఎర్రని గీతల్లా తేలుతాయి, మొటిమలు వస్తాయి, ముఖాన రోమాలు మొలుస్తాయి. ఆపితే మంట, ఎరుపు. కాబట్టి మళ్లీ అదే ట్యూబు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. అయినా "తెల్లబడే క్రీము ఇవ్వండి" అంటే ట్యూబు చేతికి వస్తూనే ఉంది.

ఈ మోసం నిలబడటానికి ఆధారం మన కన్ను. మొదటి వారాల్లో ముఖం మొత్తం తెల్లబడుతుంది, కన్ను సంతోషిస్తుంది. మచ్చకూ పక్క చర్మానికీ మధ్య తేడా తగ్గిందా అని అద్దం చెప్పదు. లోపల ఎరుపు పెరుగుతున్నదా అనీ చెప్పదు. ఆ రెంటినీ సూదిగుచ్చకుండా, చర్మం ముక్క కోయకుండా చెప్పగల సాధనాలు ఉన్నాయి. మెక్సామీటరు అనే చిన్న పరికరాన్ని చర్మానికి ఆనిస్తే, కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని పంపి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి మెలనిన్‌కు ఒక అంకె, ఎరుపుకు మరొక అంకె ఇస్తుంది. కలరీమీటరు రంగును వెలుగు, ఎరుపు, పసుపు పాళ్లుగా విడదీస్తుంది. డెర్మోస్కోపు మచ్చను పెద్దది చేసి, స్టెరాయిడ్ వల్ల తేలుతున్న నాళాలను కంటికంటే ముందే చూపుతుంది. మంగు అంకె తగ్గుతూ ఎరుపు అంకె పెరుగుతుంటే అది వైద్యం కాదు, హెచ్చరిక.

స్వామి పెరుగుతున్నారనడానికి భక్తులు చూపేది దశాబ్దాల కిందటి వెండి కవచం. అది ఇప్పుడు సరిపోవడం లేదంటారు. విశ్వాసం జోలికి నేను పోను. అయితే ఒక మార్పును చెప్పాలంటే మారని వస్తువు ఒకటి పక్కన ఉండాలన్న ఇంగితం అందులో ఉంది. మంగు విషయంలో ఆ పక్క వస్తువు మచ్చకు ఆనుకుని ఉన్న మీ సొంత ఆరోగ్యకరమైన చర్మం. ప్రకటనలోని నటి చర్మం కాదు.

ప్రకటనల్లోని "ముందు–తర్వాత" బొమ్మల సంగతి చూడండి. మంగు వేసవిలో ముదురుతుంది, చలికాలంలో కొంత తగ్గుతుంది. మే నెలలో ఒక ఫొటో, డిసెంబరులో మరొకటి తీస్తే క్రీము లేకున్నా గెలుపే! పైగా నేటి ఫోన్లు అడగకుండానే ముఖాన్ని నునుపు చేస్తాయి. కొన్ని దుకాణాల్లో "స్కిన్ స్కాన్" పేరిట మీ తెలుపు ఇంత శాతమని చీటీ ఇస్తారు. తెలుపుకు వందకు ఇన్ని మార్కులు వేయడానికి వైద్యంలో ఆధారం లేదు. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ రూపొందించిన చర్మ వర్గీకరణ సైతం మొదట తెల్లవారి కోసమే. గోధుమ, నల్లని చర్మాలను తర్వాత చేర్చారు. మన చర్మాన్ని ఎవరి కొలబద్దతో కొలుస్తున్నారో అడగడం మన హక్కు.

యంత్రాలు ఖరీదు, పల్లెకు ఎలా వస్తాయంటారా? 1994 నుంచి వాడుకలో ఉన్న మాసి స్కోరుకు యంత్రమే అక్కరలేదు. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం: ఒక్కోచోట మచ్చ ఎంత మేర ఉంది, ఎంత ముదురు, ఎంత నిండుగా ఉంది అని వైద్యుడు చూసి, 0 నుంచి 48 వరకు ఒక అంకె వేస్తాడు. అయిదు నిమిషాల పని. అది వేయకుండానే ఆరు నెలల మందు రాసే వైద్యుణ్ణి, నా వృత్తివాడే అయినా, నేను సమర్థించను.

ఈసారి మంగుకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఎండలోంచి వచ్చిన వెంటనే కాక, పావుగంట నీడలో కూర్చున్నాక చూపించుకోండి. పౌడరు తుడిచి వెళ్లండి. "ఈరోజు నా అంకె ఎంత? ఎరుపు ఉందా? మళ్లీ ఎప్పుడు కొలుస్తారు?" అని అడిగి, జవాబును చీటీ మీద రాయించుకోండి. ఇంట్లో ఫొటో తీసుకుంటే ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, తెల్లకాగితం పక్కన పెట్టి, ఫోనులోని సోకులన్నీ ఆపేసి తీయండి. ఇప్పటికే నెలల తరబడి ఏదైనా ట్యూబు రాస్తుంటే ఉన్నపళంగా మానేసి, మంటతో బెదిరి మళ్లీ మొదలుపెట్టకండి. ఆ ట్యూబును పెట్టెతో సహా చర్మవ్యాధుల వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. పెట్టె మీద సన్నని అక్షరాల్లో ఉండే స్టెరాయిడ్ పేరు ఆయనకు కావాలి.